గ్రీబా పగలాలి

“పగుళ్ళు వచ్చాయా?” అన్నాడు మా ఆయన.

“వచ్చాయి” అన్నాను.

“ఒకటి పట్రా, చూస్తాను.”

“చేతులు పిండిగా ఉన్నాయి. కడుక్కుని తెస్తాను, ఉండండి.”

మా ఇద్దరి మధ్యా జరిగిన ఆఖరి మాటలు ఇవే. నేను చేతులు కడుక్కుని, ట్రేలోంచి మంచిదొకటి ఏరి తీసుకెళ్ళేసరికి ఆయన కుర్చీలోనే పోయి ఉన్నాడు. గుండె. పిండి చేతులతో పరిగెత్తుకెళ్ళినా మనిషి దక్కేవాడు కాదని అంబులెన్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. అయినా ఆ నాలుగు మాటలు పట్టుకుని, బిస్కెట్ల గొడవలో పడి మొగుణ్ణి పోగొట్టుకుందని మా చుట్టాల్లో కొందరు చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అందుకే ముందు అవే రాయించాను. వాటిల్లో దాచుకోవాల్సిందేమీ లేదు. ఒక మొగుడూ పెళ్ళామూ వంటింట్లో జరుగుతున్న పని గురించి మాట్లాడుకున్నారు. మా కాపురమంతా అలాగే మాట్లాడుకున్నాం.

నా పేరు సంతోషమ్మ. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు దీవెన కంప్యూటర్లో కొడుతోంది. ఇక్కడ అమెరికాలో, మా ట్రాయ్ ఊళ్ళోనే ఉంటుంది. కార్ల కంపెనీలో ఉద్యోగం మానేసి నా పని తాను చేస్తానంటోంది. ఈ రంజాన్ పండక్కి మొదటి ఆర్డరు దాని పేరు మీదే ఒప్పుకున్నాం. అది కొడుతుంటే నేను ఆ ఆర్డరుకి బాదం పొట్టు తీస్తున్నాను. ఇంతలో దానికి ఫోన్లు మొదలయ్యాయి. ఆ ఓవెన్ అచ్చిరాలేదు, దాని జోలికి పోవద్దు అని. రాత్రి వచ్చి, “పెద్దమ్మా, మానేయనా?” అని అడిగింది. దానికి జవాబు ఇది. దీవెన లాంటి ఆడపిల్లలు ఇంకెవరైనా ఈ పనిలోకి వచ్చేట్టయితే వాళ్ళకీ ఇదే.

గ్రీబా అంటే

మొరాకో దేశపు బాదం బిస్కెట్టు. మైదా పడదు. బాదం పొడి, పంచదార, గుడ్డు, నిమ్మ తొక్క తురుము, నారింజ పూల నీళ్ళు. మన పన్నీరు లాంటివే ఆ నీళ్ళు, వాసన ఇంకా ఘాటు. ఉండ చేసి, పంచదార పొడిలో అద్ది, ఓవెన్‌లో పెడితే పైన ఎండాకాలం వరిమడిలా పగలాలి. లోపల మెత్తగా ఉండాలి. పగలని గ్రీబా అమ్మకానికి పనికిరాదు, ఇంట్లో తినాల్సిందే.

మా ఆయన కారు సీట్లు చేసే ప్లాంటులో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసేవాడు. “మా దగ్గర పగులు కనపడితే రిజెక్ట్, మీ దగ్గర కనపడకపోతే రిజెక్ట్. ఇదేం కంపెనీయే?” అనేవాడు. షుగరు ఉంది కనక తినేవాడు కాదు. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి ట్రేలోంచి ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాడు. ఆయన పాస్ చేస్తేనే డబ్బాలోకి వెళ్ళేది. నవ్వులాటకి మొదలుపెట్టిన పని, తర్వాత అలవాటైపోయింది.

జీడిపప్పు షెడ్డు

వేటపాలెం వైపు మా ఊళ్ళో నా చిన్నప్పుడు ఆడపిల్లలకి బడి కంటే జీడిపప్పు షెడ్డు దగ్గర. గింజ కొట్టి పప్పు తీయడం పెద్దవాళ్ళ పని, పప్పు మీద పొర ఒలవడం మా పని. కాస్త ఎదిగాక గింజ కొట్టడానికీ కూర్చున్నాను. జీడి రసం పడి వేళ్ళ కొసలు కాలేవి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ నాకు రెండు అలవాట్లు వచ్చాయి. పప్పు విరక్కుండా ఒలవడం ఒకటి, నోరు కట్టుకుని ఒలవడం ఒకటి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మేస్త్రి మమ్మల్ని వరసలో నిలబెట్టి నోళ్ళు తెరవమనేవాడు. పళ్ళ సందున పప్పు ముక్క కనపడితే మర్నాడు రానక్కర్లేదు. దానికి తోడు ఇంట్లో మా అమ్మ, వండేటప్పుడు రుచి చూస్తే ఎంగిలి అని గరిటెతో చేతి మీద కొట్టేది. ఎన్ని మూటల పప్పు నా చేతుల మీదుగా పోయిందో, దాని రుచి మాత్రం పెళ్ళయ్యాక మా ఆయన పొట్లం కొనిస్తేగాని నాకు తెలియలేదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి పెద్ద దెబ్బ ఇక్కడినుంచే వచ్చింది.

లల్లా మలికా

మా ఆయన అక్క, అంటే మా వదిన, పిటిషన్ పెడితే చాలా ఏళ్ళకి మాకు ఇక్కడికి పిలుపు వచ్చింది. అప్పటికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. పిల్లలు లేరు. ఆయన ప్లాంటుకి పోతే నేను అపార్ట్‌మెంటులో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకరోజు కింద లాండ్రీ రూమ్‌లో బట్టలు మడతపెడుతుంటే, మా కింద ఫ్లోర్‌లో ఉండే మొరాకో ఆవిడ వచ్చి నా వేళ్ళు పట్టుకుని చూసింది. ఆవిడ పేరు మలికా. పెద్దావిడని వాళ్ళు లల్లా అంటారు, మనం అమ్మగారూ అన్నట్టు.

“వాట్ జాబ్?” అంది మచ్చలు చూపించి.

“నట్స్” అన్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో అంతకంటే చెప్పలేను.

మణికట్టు పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయింది. వేడినీళ్ళలో నానిన బాదం గిన్నె ముందు పెట్టింది. నేను ఒలిచాను, ఆవిడ నిలబడి చూసింది. గిన్నె సగమయ్యేసరికి “టుమారో” అంది. నా ఇంటర్వ్యూ అంతే. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోదు, అయినా ఏళ్ళ తరబడి పోట్లాడుకోవడానికి సరిపోయింది. ఆవిడ మాటలు ఇక్కడినుంచి తెలుగులోనే చెబుతాను.

మొదటిసారి ఉండలు చేయమంటే సున్నుండలు కట్టినట్టు కట్టాను. మనవాళ్ళ చెయ్యి అంతే, ఉండ అనగానే పిడికిలి బిగుస్తుంది. గ్రీబాలు గుండు కొట్టించుకున్న తలల్లా నున్నగా వచ్చాయి. ఒక్క పగులు లేదు.

లల్లా ట్రే చూసింది, నన్ను చూసింది. “పాపం, వీటికి నువ్వు ఊపిరాడనివ్వలేదు” అంది. ఉండని అరచేతిలో ఊరికే దొర్లించి వదిలేయాలి. నా పిడికిలి వదులు కావడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో, ఏలకులు వెయ్యనా అని అడిగాను. “మీ ఇంట్లో పాయసంలో వేసుకో” అంది.

మంచి యజమాని కాదు ఆవిడ. బాగా చేశావని ఒక్కసారీ అనలేదు. నారింజ పూల నీళ్ళు తానే పోసేది, సీసా నా చేతికి చాలాకాలం ఇవ్వలేదు. ఇంకొకటి చెబుతాను, అది నాకు అసలు నచ్చలేదు. మణికట్లు అరిగిపోయి ఆవిడ చెయ్యలేని రోజులు వచ్చాయి. పని నా ఇంట్లో, నా ఓవెన్‌లో జరిగేది. అయినా కొనేవాళ్ళకి మాత్రం అన్నీ తన చేతులతోనే చేస్తున్నానని చెప్పేది. ఒకసారి ఒకావిడ డబ్బా కోసం నా గుమ్మం దగ్గరికి వచ్చి, “లల్లా చేసినవేనా?” అంది.

“కాదు, నేను చేశాను. నాకు నేర్పింది లల్లా” అన్నాను.

ఆ మాట కిందికి చేరింది. లల్లా నాతో మాట్లాడటం మానేసింది. నేనూ కిందికి దిగలేదు. చివరికి తనే మెట్లెక్కి వచ్చి, “వాళ్ళు ఇండియన్ చెయ్యి అంటే కొనరని భయపడ్డాను” అంది.

“కొనకపోతే మానేస్తారు. నా చేతులు నీవని మాత్రం చెప్పకు” అన్నాను.

అప్పటినుంచి ఆర్డరు తీసుకునేటప్పుడే “సంతోష్ చేస్తుంది” అని చెప్పడం మొదలుపెట్టింది. కొందరు మానేశారు. కొందరే.

నోరు

గింజలు పాతబడితే నూనె కనరెక్కుతుంది. బాదం కొంత తట్టుకుంటుంది, అక్రోట్లు తొందరగా చెడతాయి. చూస్తే తెలియదు, వాసనకి కూడా సగమే తెలుస్తుంది. నమిలితేనే తెలుస్తుంది. కొత్త సంచీ విప్పగానే అడుగునుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి తీసి నమలమని లల్లా మొదట్నుంచీ చెప్పింది. నేను సరేనని తలూపి వాసన చూసి ఊరుకునేదాన్ని. పని దగ్గర పప్పు నోట్లో పెట్టుకోవడం నా వల్ల కాలేదు. మేస్త్రి వెనకే ఉన్నట్టుండేది.

ఒక నిశ్చితార్థానికి అక్రోటు గ్రీబాలు చేశాం. పగుళ్ళు చక్కగా వచ్చాయి. వాళ్ళింట్లో కొరికినవాళ్ళు కొరికినట్టే మూతి తుడుచుకున్నారట. లల్లా వెనక్కి వచ్చిన డబ్బా నా ముందు పెట్టి, కుర్చీ లాగి, “కూర్చుని తిను” అంది. ఒకటి మొత్తం తిన్నాను. గొంతులో చేదు సాయంత్రం దాకా పోలేదు. షెడ్డు సంగతి అప్పుడు చెప్పాను, నోరు తెరిచి చూపించి మరీ చెప్పాను.

ఆవిడ డబ్బాకి మూత పెట్టింది. “ఆ మేస్త్రి ఇక్కడ లేడు. ఇక్కడ నీ నోటికే జీతం” అంది.

అది మాటవరసకి అన్నది కాదు. రంజాన్ నెలలో పని ఎక్కువ, ఆ నెలంతా పగలు ఆవిడకి ఉపవాసం. కొందరు నాలిక కొసన పెట్టుకుని ఉమ్మేస్తారట, ఆవిడ అదీ చేయదు. పైగా గింజ నమిలితేగాని తెలియదు. కాబట్టి ఆ నెల పగలంతా నా నోరే ఆవిడ నోరు. నేను నములుతాను, ఆవిడ నా మొహం చూస్తుంది. నేను తలూపితే మిక్సీ ఆన్ చేస్తాం. ఒక మనిషి తన పేరంతా ఇంకొకరి నాలిక మీద పెట్టడం చిన్న విషయం కాదు. జీతం కంటే దానికే నేను ఎక్కువ పొంగిపోయాను.

ఆయన పోయిన వారం

ఆయన పోయింది సరిగ్గా రంజాన్ పండగ ముందు వారం. మట్టి చేసి వచ్చిన మర్నాడు ఇల్లంతా మనుషులు. చర్చి వాళ్ళు అన్నం, కూరలు పెట్టెల్లో తెచ్చి పెట్టారు. సాయంత్రం ఆదరణ కూడిక, పాస్టరుగారు వస్తారు. వదిన నాకు తెల్లచీర తెచ్చింది, కట్టుకున్నాను. వంటింటి బల్ల మీద మాత్రం, ఆయన పోకముందు నేను ఒలిచి ఆరబెట్టిన బాదంపప్పు గుడ్డ మీద అలాగే ఉంది. పక్కన విప్పని సంచీ ఒకటి. పండక్కి డబ్బాలు ఇస్తానని ఒప్పుకున్న ఇళ్ళు ఉన్నాయి.

నేను లేచి ఓవెన్ ఆన్ చేశాను.

“ఏం చేస్తున్నావే?” అంది వదిన.

“వేడెక్కనిస్తున్నా వదినా.”

“నిన్ననే కదే వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. చావింట్లో పొయ్యి వెలిగిస్తారా ఎవరైనా? కూడికకి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?”

“బాదం వాసన వస్తోందనుకుంటారు.”

“మన పండగా, ఏమన్నానా? వాళ్ళ పండగ.”

“పండగ వాళ్ళది. పని నాది.”

లల్లా కూడా అక్కడే ఉంది. మా తెలుగు రాకపోయినా గొడవేమిటో తెలిసింది. “సంతోష్, మాలోనూ చావింట్లో పొయ్యి వెలిగించరు. వదిలెయ్, అందరికీ నేను చెబుతాను” అంది. నా తెల్లచీర తడిమి, “మాలోనూ తెలుపే” అంది. కొంగు వదులుతూ, “పంచదార పడినా కనపడదు” అంది మెల్లగా. ఆ రోజంతటిలో నాకు నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

అటు వాళ్ళూ వద్దన్నారు, ఇటు వీళ్ళూ వద్దన్నారు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. “ఇది నా ఇల్లు. పోయింది నా మనిషి. పగుళ్ళు వచ్చాయా అని అడిగి, చూడకుండానే పోయాడు. మిగిలినవి నేను చేసి చూస్తాను.”

సంచీ విప్పి ఒక పప్పు నమిలాను. ఏమీ తెలియలేదు. ఇంకొకటి నమిలాను. కొయ్యముక్క నమిలినట్టుంది. ఆయన పోయినప్పటినుంచి నా నోటికి ఉప్పూ కారమూ కూడా తెలియడం లేదు. నాకు భయమేసింది ఆ ఇంట్లో అప్పుడే. లల్లా వైపు చూశాను. కిటికీలో ఎండ ఇంకా బాగా ఉంది, ఆవిడ ఉపవాసంలో ఉంది. తల అడ్డంగా ఊపింది.

గుప్పెడు పప్పు పట్టుకుని వదిన ముందు నిలబడ్డాను. “వదినా, నమిలి చూడు.”

“నేనా?”

“నా నోరు పని చెయ్యడం లేదు. కనరుందో లేదో చెప్పు, చాలు.”

తిడుతుందనుకున్నాను. వదినదీ మా వైపే, జీడిపప్పు వాసనలో పుట్టి పెరిగిన మనిషే. నా మొహం చూసి ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. గుడ్డ మీద పప్పు కూడా అడిగి తీసుకుని నమిలింది.

“సంచీలోవి బాగున్నాయి. ఆరబెట్టినవి తీపి కొంచెం తగ్గాయి గానీ కనరు లేదు” అంది. ఆ మాట అంటూనే ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆమె కంట్లోంచి నీళ్ళు రావడం అదే మొదలు. నోట్లో పప్పు, కళ్ళల్లో నీళ్ళు. నేను వీపు నిమిరాను. తర్వాత వదిన లేచి, “నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నేను ముట్టను” అని హాల్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కూడికలో పాట సగంలో ఉండగా ఓవెన్ టైమరు మోగింది. అందరూ నా వైపు చూశారు. లేచి వెళ్ళి ట్రే తీశాను. పాట ఆగలేదు, నేనూ ఆగలేదు. గ్రీబాలు నడిమికి బాగా పగిలాయి. ఒకటి చేతిలోకి తీసుకుని, ఆయన తిప్పినట్టే తిప్పి చూశాను. పాస్ చేశాను. డబ్బాలు పండక్కి అందాయి.

ఆ ఓవెన్ అచ్చిరాలేదని దీవెనకి ఫోన్లు చేస్తున్నది మా వదినే. పేరు రాయాలా అని దీవెన అడుగుతోంది. పేరు వద్దు, వదిన అని రాయి, చదివినవాళ్ళకి తెలుస్తుంది. వదినా, ఆ రోజు ఆ బాదం నీ నోటితోనే పాసయింది. ఓవెన్ అచ్చిరానిదైతే నువ్వు నమలకుండా ఉండాల్సింది.

దీవెనా, నీకూ, నీ తర్వాత వచ్చేవాళ్ళకీ

బాదం ఒలిచాక తడి పూర్తిగా ఆరాలి. తడి ఉంటే గ్రీబా పరుచుకుంటుంది, పగలదు. మిక్సీ ఆపి ఆపి తిప్పు, పంచదార కలిపి తిప్పు, ఊరికే తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. పొడి దొరుకుతుంది కదా అని కాస్ట్‌కో కొట్టులో సంచీ ఎత్తుకు రాకు. పొడిని నమిలితే ఎప్పటిదో ఎవరికి తెలుస్తుంది?

మన చర్చి ఆడవాళ్ళు వస్తారు. ఆంటీ, తీపి తగ్గించండి, ఏలకులు వెయ్యండి, పేరు బాదం కుకీస్ అని పెట్టండి, క్రిస్మస్‌కి అందరికీ ప్రేమగా పంచండి అంటారు. ప్రేమగా పంచాలనిపిస్తే సున్నుండలు చేసి పంచు. గ్రీబా మొరాకో వాళ్ళది. నాకు నేర్పింది లల్లా, చేసేది నేను. ఆ రెండూ ఎవరడిగినా దాచకుండా చెప్పాను. నువ్వూ చెప్పు. ఇండియన్ చెయ్యి ఏమిటని మొహం మీదే అంటారు. ఒకటి కొరికి చూడమను. అయినా వద్దంటే పోనీ, బతిమాలకు.

ఉదయాన్నే లేవాలి, నడుం పోతుంది, మణికట్లు పోతాయి. లల్లా మణికట్లు పోయాయి, నా మోకాళ్ళు పోయాయి. వదిన మానమంటే మానలేదు, మోకాళ్ళు మానమంటే మానాను. ఇది పెద్ద ఉద్యోగమని నేను చెప్పను. మీ ఆఫీసులో ఇచ్చినంత ఇవ్వదు. కానీ జీవితమంతా నోరు మూసుకుని ఒలిచిన నన్ను, నమిలి చెప్పవే అన్నది ఈ పనే. అందుకే ఎవరు పొమ్మన్నా పోలేదు.

లల్లా ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఈ రంజాన్‌కి నీ నోటికి అలవాటయ్యేదాకా నమలడానికి నేనున్నాను. నా నోటికి రుచి తిరిగి వచ్చి చాలాకాలమైంది. పొద్దున నీ సంచీలోంచి రెండు నమిలాను. బాగున్నాయి. ఓవెన్ ఆన్ చెయ్యి. మానేయాలా అని మళ్ళీ అడక్కు.

ఇక చాలు దీవెనా, కొట్టడం ఆపు. నాకు చదవడం రాదు కదా, మొత్తం నువ్వే పైకి చదివి వినిపించు. వదిన గురించి ఒక మాట ఎక్కువన్నానేమో వినాలి. ఎక్కువన్నా తీయను, ఊరికే వినాలి. మొదట్నుంచి చదువు, మీ పెదనాన్న అడిగిన మాట దగ్గర్నుంచి.

ఆగు. చేతులు కడుక్కుని వస్తాను.